సరిహద్దు మంచం దాకా జరపాలి

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. ఆ గీత గీయడానికి కమిటీలు కూర్చున్నాయి, విన్నపాల మహజర్లు కదిలాయి, ఏళ్లు పట్టింది. అదే పర్లాకిమిడిలో ఇప్పుడు కుక్కపిల్లను తెచ్చుకున్న తెలుగిళ్లలో ఇంకో సరిహద్దును మాత్రం ఇంటాయన ఒక్కడే, రాత్రి తొమ్మిదిన్నరకి, భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ గీసేస్తున్నాడు. "అది వసారాలో, మనం లోపల." చర్చ లేదు, ఓటింగు లేదు. గడపే హద్దు.

పదిన్నరకి గడప అవతల నుంచి మహజరు మొదలవుతుంది.

దీన్ని అల్లరి కింద జమకట్టడం అన్యాయం. రెండు నెలల పిల్ల నిన్నటిదాకా తల్లి పొట్ట కింద, తోడబుట్టినవాటి మీద కాలో తలో వేసి పడుకుంది. ఒంటరిగా ఉండటం అంటే ఆ వయసులో దానికి తెలిసిన అర్థం ఒక్కటే: తప్పిపోయాను. తప్పిపోయిన పిల్ల తల్లికి వినబడేలా ఏడవాలి. ఏడుస్తోంది. దాని వైపు నుంచి విధినిర్వహణలో లోపం ఏమీ లేదు.

లోపం లోపలివాళ్లది. వీళ్లది కఠిన విధానం: "ఏడవనీ, రెండ్రోజుల్లో అదే అలవాటు పడుతుంది." విధానం కఠినమే గానీ అమలు అలా ఉండదు. నలభై నిమిషాలు పళ్లు బిగించి పడుకున్న ఇంటాయన, పక్కింటాయన కిటికీలోంచి ఒక్క దగ్గు దగ్గేసరికి లేచి తలుపు తీస్తాడు. ఈ నలభై నిమిషాల్లో ఆయన నేర్పిందేమిటంటే, నలభై నిమిషాలు ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని. మర్నాడు అది ఇరవై నిమిషాలకి ఎందుకు మానేస్తుంది? పాఠం బాగా వంటబట్టించుకున్న విద్యార్థిని పట్టుకుని మొండిది అనడం ఎక్కడి న్యాయం?

అందువల్ల ఈ వ్యాసం ద్వారా ఒక సరిహద్దు సవరణ ప్రతిపాదిస్తున్నాం. గీతను మొదట మంచం దాకా జరపాలి. తర్వాత మూర మూర చొప్పున వెనక్కి తీసుకోవాలి.

కావలసినవి: ఒక అట్టపెట్టె. పిల్ల కాళ్లు చాపుకుని పడుకునేంత, ఒక చుట్టు తిరిగేంత ఉంటే చాలు. ఫ్రిజ్ వచ్చిన పెట్టె ఉంది కదా అని అది పెట్టకండి. అంత చోటిస్తే ఓ మూల పడకగది, ఇంకో మూల దొడ్డి ఏర్పాటు చేసుకుంటుంది. ఇరుకైతే పడుకున్నచోటే పాడుచేసుకోవడం ఇష్టంలేక లేచి మసులుతుంది. మనకి కావలసింది ఆ మసలడమే. పరుపులు కొనకండి, అవి మూడోనాటికి దూది అవుతాయి. పాత నూలు చీర రెండు మడతలు వేసి, పైన ఆ రోజు విప్పిన లుంగీ, ఉతకకుండా, పరవాలి. ఆ వాసనే దానికి మన చిరునామా. బరంపురం పట్టు బీరువాలోనే ఉండనివ్వండి. తల్లి పడుకునే చోటినుంచి ఒక గుడ్డముక్క తెచ్చుకోగలిగితే మరీ మంచిది, గానీ పిల్లను తెచ్చే హడావిడిలో అది ఎవరికీ గుర్తుండదు. చలికాలమైతే సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి ఓ పక్కన పెట్టాలి. వేడి ఎక్కువైతే పిల్ల పక్కకి జరగడానికి చోటుండాలి.

పెట్టె మంచం పక్కనే ఉండాలి, పడుకునే చెయ్యి కిందికి వేలాడేస్తే అందేంత దగ్గర. మూలిగినప్పుడు వేళ్లు ఆనిస్తే చాలు. మాట్లాడకూడదు, ఎత్తుకోకూడదు. నాలుగైదు రాత్రులు ఇలా గడిచాక పెట్టెను రెండు రాత్రులకో మూర చొప్పున తలుపు వైపు జరపాలి. ఏడిస్తే నిన్నటి చోటికే తేవాలి. అది ఓటమి కాదు, కాల్పుల విరమణ. వసారా పన్నెండు మూరల దూరంలో ఉంటే ఈ జరపడానికి ఇరవైనాలుగు రాత్రులు. కమిటీలతో పోలిస్తే మెరుపు వేగం.

ఇక లేచేవాళ్ల సంగతి. నెలల వయసుకి ఒకటి కలిపితే ఎన్నొస్తే సుమారుగా అన్ని గంటలు ఆపుకోగలదు. రెండు నెలలదైతే మూడు గంటలు. రాత్రి ఏడింటికి ఆఖరి తిండి, పదిన్నరకి ఆఖరి ఒంటేలు, ఒంటిగంటన్నరకి అలారం, నాలుగున్నరకి మళ్లీ. అది ఏడ్చాక లేస్తే ఏడుపుకి పని జరిగినట్టు. అది ఏడవకముందే లేస్తే పని మాత్రమే జరిగినట్టు. ఈ తేడా తెలిసినవాళ్లు వారంలో నిద్రపోతారు. నీళ్లగిన్నె సాయంత్రమే దాచేసే తెలివి వద్దు, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. పడుకునే ముందు గంట తగ్గిస్తే చాలు.

పెరట్లోకి ఎత్తుకునే వెళ్లాలి. నడిపిస్తే గడప మీదే కానిచ్చేస్తుంది. లైట్లన్నీ వెయ్యకుండా చిన్న టార్చి పట్టుకుని, రోజూ అదే మూలకి వెళ్లి, బొమ్మలా నిలబడాలి. అయిన క్షణాన, అక్కడే, మెల్లగా మెచ్చుకోవాలి. లోపలికొచ్చాక ఇచ్చే బిరుదు దేనికో దానికి తెలియదు. అయిదు నిమిషాల్లో కాకపోతే తిరిగి పెట్టెలోకి. ఈ మౌన కార్యక్రమంలోకి ఇంట్లో గుంటడు నిద్రలేచి వచ్చి బంతి విసిరాడా, ఒంటిగంటన్నర ఆటల పీరియడ్‌గా ఖరారైపోతుంది. తర్వాత మూడు నాలుగు రాత్రులకోసారి అలారం ఇంకో పావుగంట ఆలస్యంగా పెట్టాలి.

పెరడే ఎందుకు, వీధి కాకూడదా అంటే: ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాల దాకా సాగుతాయి. అవి పూర్తికాకుండా వీధికుక్కలు తిరిగే చోట దించితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అంటుకోవచ్చు.

ఇంతకీ రాత్రిళ్లు పాడుచేసేది కుక్కపిల్ల కాదు, పాలగిన్నె. "బిడ్డ ఎండిపోయింది" అని నానమ్మ పడుకునే ముందు గిన్నెడు గేదెపాలలో బిస్కట్లు నానబెట్టి పెడుతుంది. పాలలోని చక్కెర అరగక, రెండింటికి విరేచనాలు. పెట్టె, చీర, లుంగీ, ఇంటాయన పాదం ఏదీ మిగలదు. తెల్లారి దిష్టి తీస్తారు. దిష్టి కాదమ్మా, లాక్టోజు. తెచ్చినచోట ఏం తిందో అదే నాలుగైదు రోజులు పెట్టి, తర్వాత మన తిండి పావువంతు, సగం, ముప్పావు అంటూ వారంలో మార్చాలి. కాస్త పెరుగన్నానికి అభ్యంతరం లేదు. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసన్నానికి ఉంది. విరేచనాలతోపాటు వాంతులో, నెత్తురో కనబడినా, పిల్ల వేలాడిపోయినా మాత్రం చిట్కాలు కట్టిపెట్టి పశువైద్యుడి దగ్గరికి.

పాడైన నేలమీద ఫినాయిలు కుమ్మరించడం మన జాతీయ అలవాటు. ఆ ఘాటు మన ముక్కుని మోసం చేస్తుంది గానీ దాని ముక్కుని కాదు. పైగా తడి ఆరకముందే నాకితే దానికి విషం. సబ్బునీళ్లతో కడిగి, సగం వెనిగర్ సగం నీళ్లు కలిపి తుడిచి, ఆరనివ్వండి. మూతి నేలకి రాసి బుద్ధి చెప్పే పెద్దలకు ఒక్క మాట: అది నేర్చుకునేది మీ చూపు పడనిచోట, మంచం కింద, పని కానివ్వడం.

భాషా సమస్య వేరే ఉంది. నానమ్మ "రా" అంటుంది, పనమ్మాయి ఒడియాలో "ఆసొ" అంటుంది, గుంటడు "కమ్" అంటాడు. కుక్క ముగ్గురినీ చూసి కూర్చుంటుంది. సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన ఊరివాళ్లం ఒక కుక్కకి ఒక్క మాట ఖాయం చెయ్యలేమా? దాని భాష మాత్రం కష్టం కాదు. ఆగి ఆగి సన్నగా మూలిగితే ఒంటరితనం. నిద్రలోంచి దిగ్గున లేచి, నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే పెరడు. గీరుకుని గీరుకుని మధ్యలో కుయ్యిమంటే పిడుదులో, గోమారులో.

వీధిలో పెరిగిన పెద్ద కుక్కను తెచ్చుకున్నవాళ్లకి ఈ సవరణలో సగం వర్తించదు. దానికి ఫ్యాను, గచ్చు, మూసిన తలుపు అన్నీ కొత్తే. కొన్ని వసారానే కోరుకుంటాయి. లోపలొకటి, బయటొకటి గోనెసంచి పరిచి ఎంపిక దానికే వదలండి. గేటు గొళ్లెం మాత్రం రెండుసార్లు చూసుకోవాలి. పారిపోవడమంటూ జరిగితే ఎక్కువగా మొదటి రోజుల్లోనే. పడుకున్నప్పుడు ముద్దొచ్చి తాకకండి, ఉలిక్కిపడి కరవచ్చు. ముందు పేరు పెట్టి పిలవాలి.

జరపడం మొదలుపెట్టిన ఇరవైనాలుగో రాత్రికి సరిహద్దు మళ్లీ గడప దగ్గరికి చేరుతుంది. వసారాలో పెట్టె చడీచప్పుడు లేకుండా ఉంటుంది. లోపల ఒంటిగంటన్నరకి, అలారం లేకుండానే, ఇంటాయన చెయ్యి మంచం మీంచి కిందికి జారి నేలంతా తడుముతుంది. దాన్ని రెండు రాత్రులకో మూర చొప్పున మాన్పించాలి.