పావుల విలువ ముందా, ఎత్తుల వరస ముందా?

(పర్లాకిమిడిలో ఒక ఇంటి వరండా. బరంపురంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావ, ఇక్కడి కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే బావమరిది. ఇద్దరూ కలిసి రాసిన చెస్ ఇంజిన్ (చదరంగం ఆడే ప్రోగ్రామ్) కొన్నాళ్లుగా ఎదగడం లేదు. గొడవ దాని గురించే.)

బావ: బంటుకి వంద, గుర్రానికి మూడొందలు అని ఇంకా ఎన్నాళ్లురా చేత్తో రాసుకుంటాం? పేరున్న చెస్ ఇంజిన్ స్టాక్‌ఫిష్ వాళ్లు, పొజిషన్‌కి విలువ కట్టడం ఉదాహరణల నుంచి తనే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌ని 2020లోనే తెచ్చుకున్నారు. 2024లో వచ్చిన 16.1 వెర్షన్‌లో చేతిరాత లెక్కలు పూర్తిగా తీసేశారు. వాళ్లు పారేసిందాన్ని మనం పట్టుకుని వేలాడుతున్నాం.

బావమరిది: పారేసింది పావుల లెక్కని, రాబోయే ఎత్తుల్ని వెతికే సెర్చ్‌ని కాదు బావా. మన ఇంజిన్ ఓడిన ఆటలు ఓసారి తిరగేయ్. ఐదో ఎత్తు దగ్గర ఆగిపోయి, మంత్రితో బంటుని కొట్టి, బంటు లాభం అని సంబరపడుతోంది. ఆ బంటుకి వెనక ఇంకో బంటు కాపలా ఉందని ఆరో ఎత్తుకి గాని తెలీదు. కొట్టుకోవడాలు అయిపోయేదాకా వెతికించాలి. దాన్నే క్వయెసెన్స్ సెర్చ్ అంటారు.

బావ: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది, ఇంగ్లీషు పేర్లు తర్వాత చెబుదువు గాని. నెట్‌వర్క్ ఉంటే ఆ కాపలా దానికే తెలిసిపోదూ?

బావమరిది: నమ్మలేం. దానికి మామూలుగా నేర్పేది కొట్లాట లేని పొజిషన్లతోనే. సగం కొట్లాటలో ఆపిన బోర్డు ఇస్తే అదీ తికమకపడుతుంది.

బావ: సరే, అది పెట్టు. కానీ తనతో తానే ఆడుకుని నేర్చుకున్న ఆల్ఫాజీరో 2017లో ఏం చేసింది? సెకనుకి 80 వేల పొజిషన్లు చూసి, 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌ని ఓడించింది. తెలివి ఉంటే వేగం అక్కర్లేదని తేలిపోలేదా?

బావమరిది: దానికి ఆటలు పుట్టించడానికే గూగుల్ వాళ్లు 5,000 టీపీయూలు (నెట్‌వర్క్ లెక్కల కోసమే చేసిన చిప్‌లు) వాడారు. మన దగ్గరున్నది నీ పాత ల్యాప్‌టాప్. అసలు వేగం అంటే నువ్వనుకునే వేగం కాదు. పొజిషన్‌కి 35 ఎత్తులు అనుకో. ఆరెత్తుల లోతుకి అన్నీ చూస్తే 183 కోట్ల పైచిలుకు. పనికిరాని కొమ్మల్ని చూడకుండా కోసేసే ఆల్ఫా-బీటా పద్ధతికి ప్రతిచోటా మంచి ఎత్తే ముందు దొరికితే 86 వేలకి లోపే సరిపోతుంది. మంచి ఎత్తు చివర దొరికితే ఆ లాభమంతా గోవిందా. మనం ఎత్తుల్ని గడుల వరసలో ఇస్తున్నాం. ఏ1 గడిలో ఏనుగు ఉంటే ముందు దాని ఎత్తులే.

బావ: (కాస్త తగ్గి) మరి ఏది మంచి ఎత్తో వెతక్కముందే ఎలా తెలుస్తుంది?

బావమరిది: ముందు ఒకెత్తు లోతు, తర్వాత రెండు, మూడు అని వెతుకు. ప్రతి పొజిషన్‌కీ జోబ్రిస్ట్ పద్ధతిలో ఒక 64 బిట్ల నంబరు కట్టి, అక్కడ దొరికిన మంచి ఎత్తుని టేబుల్‌లో దాచు. తర్వాతి లోతులో దాన్నే ముందు చూడు. ఆపైన కొట్టే ఎత్తులు. వాటిలోనూ చిన్న పావుతో పెద్ద పావుని కొట్టేవి ముందు. వరస కుదిరాక, చివర మిగిలిన ఎత్తుల్ని తక్కువ లోతుకే చూసి వదిలేయొచ్చు. వరస కుదరకుండా అలా కోస్తే మంచి ఎత్తులే తెగిపోతాయి.

బావ: నల్ మూవ్ కూడా పెడదాం. మన వంతు వదిలేసినా పొజిషన్ బాగుందంటే, ఆ కొమ్మని ఇంక తవ్వక్కర్లేదు.

బావమరిది: పెట్టు. రాజు, బంట్లు మాత్రమే మిగిలితే ఆపేయ్. అక్కడ కదలడమే నష్టమైన పొజిషన్లు వస్తాయి. వంతు వదిలేయడం లాభంలా కనబడి ఇంజిన్ బోల్తా పడుతుంది.

బావ: అన్నీ నీ సెర్చ్ వైపే లాగుతున్నావు. నేను తయారుచేసిన నెట్‌వర్క్ కూడా నిదానమేం కాదురా. పావు కదిలితే పాత గడి తీసేసి కొత్త గడి కలిపితే చాలు, మొదటి పొరంతా మళ్లీ లెక్కించక్కర్లేదు. స్టాక్‌ఫిష్ వాడే ఎన్ఎన్‌యూఈ రకం నెట్‌వర్క్ కిటుకే అది. జపాన్ చదరంగం షోగీ కోసం పుట్టింది, మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది. మొన్న అది పెట్టి మన పాత వెర్షన్‌తో ఆడిస్తే వందలో 54 పాయింట్లు వచ్చాయి!

బావమరిది: వంద ఆటలకి 54 అంటే అదృష్టం కూడా కావచ్చు. ఆట బలాన్ని కొలిచే ఎలో రేటింగ్ 5 పెరిగితే స్కోరు 50.7 శాతం అవుతుంది, అంతే. ఆ తేడా తేల్చాలంటే వేలల్లో ఆడించాలి. స్టాక్‌ఫిష్ వాళ్లు ఫిష్‌టెస్ట్ పెట్టి, వాలంటీర్ల కంప్యూటర్లన్నీ కలిపి ఆడించేది ఇందుకే. సగం ఐడియాలు అక్కడే పోతాయని నా అనుమానం.

బావ: ఇక్కడ కరెంటు ఉంటే కదా, వేలల్లో ఆడించడానికి! బరంపురం తీసుకెళ్లి నేను ఆడిస్తాలే. రెండు వెర్షన్లకీ ఒకే నోడ్లు, అంటే చూడ్డానికి అన్నే పొజిషన్లు, ఇస్తా.

బావమరిది: నోడ్లు కాదు, టైమ్ సమానంగా ఇవ్వు. నోడ్లు సమానం చేస్తే నెట్‌వర్క్ తినే టైమ్ లెక్కలోకి రాదు, నువ్వు గెలిచినట్టే కనబడుతుంది.

బావ: ఆటకి పది సెకన్లు, ఎత్తుకి పదో వంతు సెకను పెంపు. సరేనా?

బావమరిది: సరే. ఓపెనింగులు మార్చి మార్చి ఇవ్వు. ఒక్కో ఓపెనింగ్‌నీ రెండు రంగులతోనూ ఆడించు. లేకపోతే ఒకే ఆటని వెయ్యిసార్లు ఆడి, వెయ్యి గెలిచానని ఫోన్ చేస్తావు.