బాక్టీరియా గారికి ఓ గ్లాసు ఉసిరి జ్యూస్

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో ఏ జ్యూస్ బండి చూసినా అదే బోర్డు: ‘ఇమ్యూనిటీ బూస్టర్’. ఉసిరి, కాకర, గోధుమగడ్డి. ఓ గ్లాసు దిగితే వైరస్ గజగజ వణకాల్సిందేనట.

ఇమ్యూనిటీ నిజంగా కావాల్సినవాళ్లు ఎదురుగా సముద్రంలోనే ఉన్నారు. మిల్లీలీటరు నీటిలో దాదాపు కోటి వైరస్‌లు. వాటిలో ఎక్కువ భాగం బాక్టీరియాను వేటాడే ఫేజులే. ఓ బాక్టీరియా గట్టెక్కి బండి దగ్గరికొచ్చిందనుకోండి. ఫేజ్ అప్పటికే ఒంటికి అతుక్కుని డీఎన్‌ఏ లోపలికి దించేస్తోంది.

“ఏటైనా ఇవ్వు బావూ, అరగంటలో పగిలిపోతాను.”

“మండలం పాటు పరగడుపున తాగాలమ్మా.”

“అరగంటే బావూ!”

“అయితే అల్లం డబుల్ వేస్తాను.”

వెనకున్న పెద్దాయన తన బావమరిదికి ఎలా గుణమిచ్చిందో మొదలెట్టాడు. ఆయన ముగించేలోపు బాక్టీరియా పగిలింది. బయటపడ్డ ఫేజులన్నీ తలో గ్లాసు తాగి, పర్వాలేదన్నాయి.

బండి దాకా రాని బాక్టీరియా ఏం చేస్తుంది? రౌడీషీట్ తెరుస్తుంది. క్యాస్-1, క్యాస్-2 ప్రోటీన్లు ఫేజ్ డీఎన్‌ఏలోంచి సుమారు 30 అక్షరాల ముక్క తీసి బాక్టీరియా సొంత డీఎన్‌ఏలో ఉండే క్రిస్పర్ అనే వరసలో అతికిస్తాయి, కొత్త నేరస్థుడు అందరికంటే ముందు. దాని ఆర్‌ఎన్‌ఏ నకలు పట్టుకుని క్యాస్-9 అనే కత్తెర ప్రోటీన్ గస్తీ తిరుగుతుంది. పోలిక కుదిరితే కోతే. మరి తన షీటునే కోసుకోదా? కోసుకోదు. ఫేజ్‌లో ఆ ముక్క పక్కన కొన్ని అక్షరాల గుర్తు ఉండాలి, షీటులో అది ఉండదు. ఫేజూ తక్కువ తిన్నది కాదు: ఆ గుర్తులో ఒక్క అక్షరం మారినా తప్పించుకోగలదు. అప్పుడు మళ్లీ కొత్త ముక్క. పెరుగు పరిశ్రమలో వాడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌లో 2007లోనే దీన్ని నిరూపించారు. ముక్క చేరిస్తే రక్షణ వచ్చింది, తీసేస్తే పోయింది. ఊరంతా చచ్చాక ఏ కొందరికో అబ్బే విద్య ఇది, కానీ పిల్లలకు ఆస్తిగా దక్కుతుంది. ఇందులో బూస్ట్ ఎక్కడుందో బండివాళ్లే సెలవివ్వాలి.

పోనీ, ఉసిరికాయ ఎవర్నీ చంపదు. జలుబుకి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అమ్మే మందుల షాపుల సంగతేమిటి? జలుబు తెచ్చేది వైరస్. ఆ బిళ్ల పట్టేది బాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ని. వైరస్‌కి రైబోజోమే లేదు! చచ్చేవి మన పేగుల్లోని అమాయకపు బాక్టీరియా, మిగిలేవి మందుకు లొంగని మొండివి. రేపు పసిబిడ్డకు న్యుమోనియా వచ్చి మందు పనిచేయకపోతే ఆ తల్లికి ఎవడు జవాబు చెబుతాడు? చీటీ లేకుండా వాడొద్దనే కదా స్ట్రిప్ మీద నిలువునా ఎర్రగీత గీసింది? “జలుబే కద్సార్, మూడేసుకోండి” అంటూ కత్తెరతో ఆ గీత మీదుగానే కోసిస్తున్నారు.