మహారాజరాజశ్రీ చెక్కు గారి సముఖమునకు కాశీబుగ్గ నుంచి ఒక విన్నపం

అయ్యా,

ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమమూ, అంతకంటే ముఖ్యంగా తమరు బయలుదేరి వచ్చిన ఖాతా క్షేమమూ తెలియజేయవలసిందిగా ప్రార్థన. ఇది మర్యాదకు అడిగే మాట కాదు. ఆ రెండో సంగతి తెలుసుకోవడానికి పలాస, కాశీబుగ్గ జీడిపప్పు బజారులో మాకు మరో దారి కనిపించక తమరినే అడగవలసి వస్తోంది.

నేను జీడిపప్పు కొట్లో గుమాస్తాను. పప్పు డబ్బాలు లారీ ఎక్కే ముందు కాగితాలు చూసుకోవడం నా పని. ఈ బజారులో తనిఖీ అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. ఉద్దానం రైతు ఎనభై కిలోల పిక్కల బస్తా తెస్తే, గుప్పెడు పిక్కలు తీసి అతని ఎదుటే కోసి చూస్తాం. పప్పు ముడుచుకుపోయి ఉంటే ధర తగ్గిస్తాం. పై ఊరి నుంచి వచ్చిన బేరగాడు మా డబ్బా మూత తీయించి, చెయ్యి అడుగు దాకా పోనిచ్చి, గుండు ఎంత, బద్ద ఎంత అని ఏరి చూసి, నోట్లో వేసుకుని నమిలి, కాటాకు రెండుసార్లు ఎక్కించి, అప్పుడు గాని తల ఊపడు. రైతూ నొచ్చుకోడు, మా యజమానీ నొచ్చుకోడు. ఇంత చూసుకున్న పెద్దమనిషి జేబులోంచి తమరిని తీసి బల్ల మీద పెట్టగానే మాత్రం తనిఖీ అపచారం అయిపోతుంది. "చెక్కు ఇచ్చాను కదండీ, నమ్మకం లేదా?" అన్న ఒక్క ప్రశ్నతో కొట్లో అందరూ తల దించుకోవలసిందే.

అయినా నా ఉద్యోగధర్మం కొద్దీ తమరిని పరీక్షిస్తూనే ఉంటాను. వెలుతురుకెత్తి పట్టుకుంటే కాగితం కడుపులో సీటీఎస్ ఇండియా అన్న నీటిగుర్తు కనిపిస్తుంది. నోట్లు చూసే నీలిదీపం కింద పెడితే బ్యాంకు చిహ్నం మెరుస్తుంది. జెరాక్సు తీస్తే అంతవరకూ దాగి ఉన్న 'కాపీ' అనో 'వాయిడ్' అనో ఒక మాట పైకి తేలుతుంది. కింది తెల్లటి పట్టీలో అయస్కాంతపు సిరాతో ముందు ఆరంకెల చెక్కు నంబరు, ఆ పక్కన తొమ్మిది అంకెలు ఉంటాయి. వాటిలో మొదటి మూడూ ఊరిని, తర్వాతి మూడూ బ్యాంకును, చివరి మూడూ శాఖను చెబుతాయి. తేదీ తప్ప మరెక్కడా దిద్దుబాటు ఉండరాదు. తేదీ పడిన నాటి నుంచి మూడు నెలలు దాటరాదు. 2012 ఏప్రిల్‌కు ముందు తమరి ఆయుష్షు ఆరు నెలలుండేది, దాన్ని రిజర్వు బ్యాంకు సగానికి కోసింది. ఇన్ని పరీక్షల్లోనూ తమరు నూటికి నూరు మార్కులతో నెగ్గుతారు. అయితే ఇవన్నీ తమరి వంశం మంచిదని చెబుతాయే గాని, చేతిలో చిల్లిగవ్వ ఉందో లేదో ఒక్కటీ చెప్పదు. అసలు బ్యాంకు అచ్చువేయించిన అసలు కాగితం మీద, అసలు ఖాతాదారుడు, అసలు సంతకంతో సున్నా నిల్వ మీద రాసిన చెక్కు కంటే నిఖార్సైన చెక్కు ఈ లోకంలో ఉండదు.

ఆ సంగతి తెలిసినవారు ఇద్దరే. ఒకరు తమరిని రాసిన ఆసామి. ఆయన్ని అడిగితే కోపం. రెండోవారు ఆయన బ్యాంకు వారు. వారిని అడిగితే ఖాతాదారుడి వివరాలు పరాయివారికి చెప్పకూడదంటారు. ఇందులో వారిని తప్పు పట్టలేను, మా యజమాని నిల్వ ఎంతో ఫోన్ చేసిన ప్రతివాడికీ చెబితే మేమూ ఊరుకోం. ఒకవేళ చెప్పినా, పదకొండు గంటలకు ఉన్న సొమ్ము మూడు గంటలకు ఉండాలని ఎక్కడా రాసి లేదు.

పాజిటివ్ పే అని ఒక ఏర్పాటు 2021 జనవరి 1 నుంచి వచ్చింది. యాభై వేలు, ఆపై చెక్కులకు రాసినవారే తేదీ, పేరు, మొత్తం ముందుగా తమ బ్యాంకుకు తెలియజేస్తే, తమరు క్లియరింగుకు, అంటే సొమ్ము ఇప్పించుకోవడానికి ఆ బ్యాంకుకు, వచ్చినప్పుడు సరిపోల్చి చూస్తారు. దిద్దిన చెక్కులకూ దొంగ చెక్కులకూ అది మంచి మందు. లేని డబ్బును మాత్రం అది పుట్టించదు.

ఇక తమరి విద్యలన్నిటిలో నాకు అమితంగా నచ్చినది ఒకటుంది. పండగ ముందు గిరాకీ రోజుల్లో బేరగాడు తన ఊళ్లోనే ఉండి, అక్కడి శాఖలో తమరిని మా ఖాతాకు వేసి, ఆ రసీదు ఫొటో వాట్సాప్‌లో పంపిస్తాడు. కాసేపటికి మా యజమాని ఫోనుకు మెసేజీ వస్తుంది: ఇంత మొత్తం జమ, క్లియరింగుకు లోబడి. మెసేజీలో మొదటి సగం పెద్దగా చదువుతారు, రెండో సగం ఎవరికీ ఆనదు. వెనువెంటనే ఆ పెద్దమనిషి ఫోన్: "డబ్బు పడిపోయింది కదా, లోడు ఎత్తించండి." గుమ్మంలో లారీ ఇంజను ఆపకుండా ఉంటుంది. డబ్బా భుజాన పెట్టుకున్న కళాసీ నావైపు చూసి, "ఏటి బాబూ, ఎక్కించీమంటారా, దించీమంటారా?" అంటాడు. నిల్వ పుస్తకంలో అంకె పెరిగినా, ఆ సొమ్ములో ఒక్క రూపాయి కూడా బయటకు తీయడానికి రాదని అతనికి ఎలా చెప్పను? ఇలాంటి వేళ ఇంకొందరు గడుసువారు అసలు మొత్తం కంటే ఎక్కువకు చెక్కు వేసి, "పొరపాటున ఎక్కువ పడింది, మిగతాది ఈ నంబరుకు కొట్టండి" అంటారు. మిగతాది వెళుతుంది, అసలుది రాదు.

తమరు తిరిగి వచ్చినప్పుడు వెంట ఒక చీటీ తెస్తారు: నిధులు చాలవనో, సంతకం తేడా అనో, చెల్లింపు ఆపమన్నారనో, ఖాతా మూసేశారనో. మీ రాకపోకలకు బ్యాంకు మా దగ్గర కూడా రుసుము పట్టుకుంటుంది. మోసపోయినందుకు కట్టే పన్ను అది. ఆపైన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 1989 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చిన, చెల్లని చెక్కుకు శిక్ష చెప్పే 138వ సెక్షను ఉండనే ఉంది. ముప్ఫై రోజుల్లో నోటీసు, పదిహేను రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 2015 సవరణ పుణ్యమా అని మన ఖాతా ఉన్న శాఖ పరిధిలోనే కేసు వేసుకోవచ్చు, బేరగాడి ఊరికి రైలెక్కనక్కరలేదు. విచారణను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం జరగాలని కూడా అదే చట్టం అంటుంది. ఆ ఆరు నెలల సంగతి సుప్రీంకోర్టు 2021లో చెప్పింది: 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు తమరివే. ఇంత పెద్ద సంతానం మరే కాగితానికీ లేదు.

ఇంతకాలం తమరికి అండగా నిలిచింది ఆలస్యం. అదీ పోయింది. 2025 అక్టోబరు 4 నుంచి, పగలు నిర్ణీత వేళలో వేసిన చెక్కును స్కాన్ చేసిన బొమ్మ వెంటవెంటనే అవతలి బ్యాంకుకు చేరుతుంది. ఇస్తామో ఇవ్వమో వారు ఆ రాత్రి ఏడు లోపు చెప్పాలి. అందుకని మా కొట్లో కొత్త కట్టుబాటు పెట్టాం. పొద్దున పదింటికి తమరిని బ్యాంకులో వేస్తాం, ఖాతాలో సొమ్ము వాడుకునే వీలు వచ్చాక లారీకి తలుపు తీస్తాం. అప్పటిదాకా తమరి యజమానికి మా బల్ల దగ్గర కుర్చీ, ఫ్యాను, కోరినన్ని టీలు. కావాలంటే ఆ తీరికలో మా డబ్బాలు మరోసారి తీయించి నమిలి చూసుకోవచ్చు.

ఇట్లు,
విధేయుడు,
కొట్టు గుమాస్తా

తా.క. సొమ్మును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు నేరుగా చేర్చే తమరి తమ్ముడు ఆర్‌టీజీఎస్ రెండు లక్షలు, ఆపై మొత్తాలను 2020 డిసెంబరు 14 నుంచి పగలూ రాత్రీ, ఆదివారమూ పండగా అని చూడకుండా మోస్తున్నాడు. తమరి యజమాని ఇప్పుడు మా బల్ల ముందు ఫోను చేతిలో పెట్టుకునే కూర్చుని ఉన్నారు. ఆ తమ్ముడి సంగతి నేను ఎత్తితే నమ్మకం లేదా అంటారు. తమరు చెబితే బాగుంటుంది.