సంక్రాంతికి వచ్చిన సగం డాక్టరు

ప్రజల సొమ్ముతో వైద్యులను తయారుచేసే మన విధానంలో ఒక పెద్ద లోపమున్నదని ఈ సంక్రాంతికి మా ఇంట్లో నిస్సందేహంగా రుజువైంది. వైద్య విద్యార్థులకు శవాన్ని కోయడం నేర్పుతున్నారు, సూక్ష్మదర్శినిలో చూడడం నేర్పుతున్నారు, మందు చీటీ ఎలా రాయాలో కూడా నేర్పుతున్నారు. కానీ పరీక్షలు రాసి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు బంధువులకు ఏ విధంగా ఉపయోగపడాలో మాత్రం ఏ సంవత్సరంలోనూ నేర్పడం లేదు. బాధ్యత గల పౌరుడిగా, అంతకంటే ముఖ్యంగా బాధ్యత గల మేనమామగా, ఈ విషయాన్ని పాఠకుల దృష్టికి తీసుకురాక తప్పడం లేదు.

మాది పాలకొల్లు. మా అక్కయ్య ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆమె కూతురు 2023లో రాయలసీమలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరింది. చేరిన నాటికి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో పెట్టిన కొత్త పేరుతో ఉండేది; 2024లో పాత పేరు తిరిగి వచ్చింది. పట్టా చేతికి వచ్చేనాటికి ఏ పేరుంటుందో అమ్మాయిని అడిగాను. అది సిలబస్‌లో లేదన్నది. ఆమె నోట ‘తెలియదు’ అనే అర్థం వచ్చే మాట నేను వినడం అదే మొదటిసారి. చివరిసారి కాదు.

రెండో సంవత్సరం పరీక్షలు ముగించుకొని జనవరి 12న, అంటే భోగికి రెండు రోజుల ముందు, తెల్లవారుజామున రైలు దిగింది. పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ అనే మూడు సముద్రాలు ఈది వచ్చిన మనిషి ఎలా ఉంటుందోనని వీధి వీధంతా ఎదురుచూసింది. కళ్ల కింద నలుపుతో, కుడిచేతి వేళ్లు ఊదారంగుతో కనిపించింది. ‘ఓటు వేసి వచ్చావటే?’ అని మా నాన్నగారు అడిగారు. అది ప్రాక్టికల్ పరీక్షలో బాక్టీరియాకు వేసే రంగని, గ్రామ్ స్టెయిన్ అంటారని, మొదట ఊదా, తరువాత అయోడిన్, ఆ పైన కడగడం, చివరికి ఎరుపు అని అమ్మాయి గోడకు చేరగిలబడి, కళ్లు మూసుకొని, ఎదురుగా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూర్చున్నట్టే అప్పజెప్పింది. బాక్టీరియాకు అంటవలసిన రంగు చేతికి అంటిందంటే పరీక్ష ఎలా రాసిందోనని మా బావగారికి అప్పుడే బెంగ పట్టుకుంది.

తరువాత పడుకుంది. మధ్యాహ్నం లేవలేదు. సాయంత్రం లేచి, రెండు ముద్దలు తిని, మళ్లీ పడుకుంది. మరునాడు పొద్దున్న కూడా అదే వరస కావడంతో ఇంట్లో ఆందోళన మొదలైంది. మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. ఆ మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గినా, పడుకున్నది మాత్రం కదలలేదు. అప్పుడు మా అక్కయ్య, ఇంట్లో ఎవరికి ఏమైనా మేము చేసే పనే చేసింది: మా వీధి ఆర్ఎంపీ గారికి కబురు పెట్టింది. (ఆ మూడక్షరాలలో మొదటిదానికి ‘రిజిస్టర్డ్’ అని అర్థమట. ఆయన ఎక్కడ రిజిస్టరయ్యారో మా వీధిలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.) ఆయన వచ్చి, నాడి పట్టుకొని, ‘నీరసం’ అని తేల్చి, బి-కాంప్లెక్సు సూది తీసేసరికి రోగి లేచి కూర్చుంది. వైద్య శాస్త్రంలో సూదిని చూపించి నయం చేసిన సందర్భాలు అరుదు. ‘ఏం చదువుతున్నారమ్మా?’ అని ఆయన మర్యాదగా అడిగారు. చెప్పింది. ‘మంచిది, ఏమైనా సందేహాలుంటే వస్తూ ఉండండి’ అని ఆయన ఫీజు తీసుకొని వెళ్లారు.

లేచింది కనుక ఆస్పత్రి తెరిచినట్టే లెక్క. పదింటికల్లా వరండాలో కుర్చీలు చాలలేదు. పక్కింటి వారి మోకాలు, ఎదురింటి వారి తలతిప్పు, మా పిన్నిగారి అరికాళ్ల మంటలు, ఎవరో దూరపు బంధువుల బంధువు వాట్సాప్‌లో పంపిన, ట్యూబులైటు వెలుగుకు పట్టుకొని తీసిన నడుము ఎక్స్‌రే ఫొటో, అన్నీ ఒకేసారి వచ్చాయి. మేమెవరమూ ఆమెను ఇబ్బంది పెట్టాలనుకోలేదు. పైసా ఖర్చు లేకుండా, వరుస నంబరు లేకుండా, మధ్యలో టీ తాగుతూ వైద్యం పొందడం బంధుత్వానికి గల సహజ హక్కని మాత్రమే అనుకున్నాము. ఆమె ప్రతివారినీ శ్రద్ధగానే అడిగింది: ఎప్పటి నుంచి, ఎక్కడ, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఇదివరకు ఏ మందులు వాడారు. ఇన్ని ప్రశ్నలు వేసే డాక్టరును మేము ఎరుగము. మాకు తెలిసిన డాక్టర్లు మేము నోరు తెరవక ముందే రాయడం మొదలుపెడతారు. అన్నీ విని చివరికి ఆమె చెప్పిన తీర్పు అందరికీ ఒకటే: ‘నాకు తెలియదండీ, ఆస్పత్రిలో చూపించుకోండి.’

పక్కింటాయన మనసు నొచ్చుకొని ఒక చారిత్రక ప్రశ్న వేశారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మన భీమవరంలోనే. 1895లో, సరిగ్గా ఈ అమ్మాయి రైలు దిగిన జనవరి 12నే. మద్రాసులో చదివేటప్పుడు ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిన మనిషి. ఆ చిన్న పట్టాతోనే అమెరికా వెళ్లి క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ మందు రావడానికి కారకుడయ్యారే, ఇంత పెద్ద పట్టాకు చదువుతున్న నువ్వు భీమవరానికి కూతవేటు దూరంలో కూర్చొని నా మోకాలి నొప్పి ఏమిటో చెప్పలేవా? అమ్మాయి చాలాసేపు ఆలోచించి, మెథోట్రెక్సేట్ గురించి పరీక్షలో అడిగారని, ఆ జవాబు మాత్రం బాగా రాశానని చెప్పింది. ఆయన మోకాలు అందుకు తృప్తి చెందలేదు.

కనీసం జలుబుకైనా మందు చెప్పమన్నాము. జలుబు వైరస్ వల్ల వస్తుందని, దానికి యాంటీబయాటిక్ పనిచేయదని, దానంతట అదే తగ్గుతుందని చెప్పింది. మందు లేదని చెప్పడానికి ఇంత చదువెందుకని మా అమ్మ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ సమాధానం రాలేదు. మా తమ్ముడు ఆర్ఎంపీ గారి దగ్గర సూది వేయించుకున్నాడు. ఐదో రోజుకు తగ్గింది. అది సూది మహిమ అని మేము, ఐదు రోజుల మహిమ అని ఆమె. ‘వేడి చేసింది’ అనే జబ్బు ఏ పుస్తకంలో ఉందో కూడా అడిగాము. లేదన్నది. మళ్లీ తానే, వాపుకు పాతకాలపు రోమన్లు చెప్పిన నాలుగు లక్షణాలలో ఎరుపు, వాపు, నొప్పితోపాటు వేడి కూడా ఉన్నదని నోరు జారింది. రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో వేడి చేసేదని తెలిశాక మా అమ్మను పట్టడం మా తరం కాలేదు.

ఇంతకూ ఎందుకు మందు రాయవని నిలదీస్తే ఆమె చట్టం తీసింది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షను ప్రకారం, పేరు నమోదు కాకుండా వైద్యం చేసిన వారికి ఏడాది వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చునట. తన నాలుగున్నరేళ్ల చదువులో ఇంకా సగానికి పైగా మిగిలి ఉన్నదట; ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్పట. ఇదంతా విని మేము నివ్వెరపోయాము. ఇంత కఠినమైన చట్టం ఉన్నదని తెలిసి కూడా చదువుకున్న పిల్ల దానికి భయపడుతున్నది. ఉన్నదని తెలియని మా ఆర్ఎంపీ గారు ముప్పై ఏళ్లుగా నిశ్చింతగా ఉన్నారు. దీనిని బట్టి ఆ చట్టం తెలిసినవారికి మాత్రమే వర్తిస్తుందని మా బావగారు వ్యాఖ్యానించారు. ఆయన రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు కనుక ఆ మాటను తోసిపుచ్చలేము.

ఇక మా నాన్నగారి సంగతి. ఆయనకు పన్నెండేళ్లుగా షుగరు ఉన్నది. దానిని ఆయన ఒక ప్రత్యేక పద్ధతిలో అదుపులో ఉంచుతున్నారు. రక్తపరీక్ష ఫలానా రోజున అని తెలియగానే రెండు రోజుల ముందు నుంచి అన్నం మాని రాగి జావతో తపస్సు చేస్తారు. చెరువు గట్టున పొద్దున్నా సాయంత్రమూ నడుస్తారు. పరీక్షలో పరగడుపు షుగరు నూట పదిహేనో నూట ఇరవయ్యో వస్తుంది. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, తిన్నగా మిఠాయి దుకాణానికి వెళతారు. ఈ ఏర్పాటు వల్ల డాక్టరు, ల్యాబు, మా నాన్నగారు, మిఠాయి దుకాణం అందరూ సంతోషంగానే ఉన్నారు. ఇందులో ఎవరికీ లేని కష్టం మా మేనకోడలికి వచ్చింది. పండుగకు చేసిన అరిసెల డబ్బా, సున్నుండల డబ్బా తాతయ్య మంచం కింద ఎందుకున్నాయని అడిగింది. ‘అరిసెలు బెల్లంతో చేసినవి, పంచదార కాదు’ అని ఆయన ఎంతో ఓర్పుగా వివరించారు. బెల్లానికీ పంచదారకూ తేడా రక్తానికి తెలియదని ఆమె అన్నది. పెద్దలతో మాట్లాడే తీరు ఇదేనా అని మా అమ్మ కోప్పడింది.

ఆమె అంతటితో ఊరుకోకుండా, తాతయ్యకు చెప్పకుండా, కనుమ మరునాడు ల్యాబు అబ్బాయిని పిలిపించి హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష చేయించింది. ఎర్ర రక్తకణం సుమారు నూట ఇరవై రోజులు బతుకుతుందట; ఆ కాలమంతా రక్తంలో ఎంత తీపి ఉంటే అంత దానికి అంటుకుంటుందట; అందువల్ల ఆ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుందట. ఆరున్నర శాతం దాటితే షుగరు ఉన్నట్టు. తాతయ్యది తొమ్మిదిన్నర. సొంత నెత్తురే ఇంతకాలంగా కూర్చొని తన మీద నివేదిక రాస్తున్నదని తెలిసి ఆయన హతాశులయ్యారు. ‘తాతయ్యా, రెండు రోజులు రాగి జావ తాగి పరీక్ష పాసవడం చదువు కాదు’ అని ఆమె అన్నది. ఆయన కాసేపు మౌనంగా ఉండి, ‘నువ్వు పాథాలజీ ఎన్ని రోజులు చదివావే?’ అన్నారు. ఈసారి మౌనం ఆమె వంతు. మూడు రాత్రులట. ఆ తరువాత తాతా మనవరాళ్లిద్దరూ మంచం మీద కూర్చొని చెరొక అరిసె తిన్నారని మా అమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే మిగతా డబ్బా మా ఇంటికి వచ్చింది.

కోడి విషయం కూడా చెప్పవలసి ఉన్నది. మా ప్రాంతంలో సంక్రాంతి మూడు రోజులూ ఏం జరుగుతుందో జిల్లా యంత్రాంగానికి తప్ప అందరికీ తెలుసు. కనుమనాడు మధ్యాహ్నం, బరి నుంచి ఒక పెద్దమనిషి తొడ తెగిన డేగ పుంజును తువ్వాలులో చుట్టుకొని, ‘డాక్టరమ్మ ఉన్నారా?’ అంటూ పరుగున వచ్చాడు. మనుషులకే ఇంకా కుట్లు వేయడం రాదని, కోళ్లకు వేరే చదువున్నదని, దానికి తిరుపతిలో వేరే విశ్వవిద్యాలయమే ఉన్నదని ఆమె చెప్పింది. తిరుపతి వెళ్లి వచ్చేదాకా పుంజు ఆగదని ఆయన వాదన. చివరికి ఆమె శుభ్రమైన గుడ్డతో గాయం నొక్కిపట్టి, కట్టు కట్టి, పశువుల ఆస్పత్రికి పంపింది. వారం రోజుల సెలవుల్లో ఆమె చెప్పిన మాట వెంటనే విన్న ఏకైక రోగి ఆ పుంజే.

ఇరవై ఏళ్లు నిండిన ఆడపిల్ల, పైగా డాక్టరు కాబోతున్న పిల్ల ఇంట్లో ఉంటే పండుగపూట చూడడానికి వచ్చేవారు ఉండనే ఉంటారు. ‘ఉత్త ఎంబీబీఎస్సేనా, పీజీ కూడా చేస్తుందా?’ అని వాకబు చేస్తూ మా దూరపు బంధువు ఒకావిడ వచ్చింది. ఆవిడ పిల్ల నడక, జడ, రంగు చూస్తుండగా, పిల్ల ఆవిడ మెడ వైపే కన్నార్పకుండా చూసింది. ఆ తరువాత మంచినీళ్ల గ్లాసు అందించి, ‘అత్తయ్యగారూ, ఒక్కసారి గుటక వేస్తారా?’ అన్నది. గుటకతోపాటు పైకి కదిలే వాపు థైరాయిడ్‌ది కావచ్చునని సర్జరీ వార్డులో నేర్పారట. పెళ్లిచూపుల్లో ఎవరు ఎవరిని చూడాలనే విషయంలో మన సంప్రదాయం చాలా స్పష్టంగా ఉన్నది. ఆవిడ కాఫీ సగంలో వదిలి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ల్యాబులో రక్తం ఇస్తూ కనిపించిందని ల్యాబు అబ్బాయి చెప్పాడు. ఫలితమేమిటో మాకు ఎవరూ చెప్పలేదు.

చివరగా నా సంగతి. పొద్దున్నే వాకింగులో ఎడమ భుజం దగ్గర ఒక రకమైన లాగుడు వస్తున్నదని, కూర్చుంటే తగ్గుతున్నదని నేను యథాలాపంగా చెప్పాను. పదేళ్ల నాటి కాగితాలతో సహా నా ఫైలు ఇచ్చాను. ఫైలు పక్కన పెట్టి ఆమె నన్నే చూసింది. చెమట పడుతుందా, ఎంత దూరం నడిస్తే వస్తుంది, మెట్లెక్కితే వస్తుందా అని అడిగి, ‘మామయ్యా, నాకు తెలియదు. కానీ ఇవాళే ఈసీజీ తీయించుకో’ అన్నది. తెలియనివారు తొందరపెట్టడం నాకు నచ్చదు. ఆర్ఎంపీ గారి దగ్గరికి వెళితే, నేను మెట్లెక్కకముందే ‘గ్యాసు’ అని చెప్పేశారు. జ్ఞానమంటే అది. అయినా పిల్ల మాట కాదనలేక ఆమె వెంట వెళ్లి ఈసీజీ తీయించుకున్నాను. నార్మల్ అని వచ్చింది. దాంతో సంతోషించకుండా, పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టు కాదని, ట్రెడ్‌మిల్లు మీద నడిపించి చేసే పరీక్ష ఉంటుందని, గుండె డాక్టరుకు చూపించుకోవాలని పట్టుబట్టింది. మొదటి పరీక్ష పాసైనవాడిని మళ్లీ సప్లిమెంటరీ రాయమనే విశ్వవిద్యాలయం ఏదో నాకు తెలియదు.

సెలవులయిపోయి అమ్మాయి వెళ్లిపోయింది. రైలు కదిలేటప్పుడు కూడా కిటికీలోంచి ‘మామయ్యా, ట్రెడ్‌మిల్లు’ అని అరిచింది. ప్లాట్‌ఫారం మీదున్నవారంతా నేనేదో జిమ్ము పెడుతున్నాననుకున్నారు. మా అక్కయ్య అప్పుడే వేసవి సెలవుల కోసం ఒక నోటు పుస్తకంలో రోగుల పేర్లు రాస్తున్నది. పక్కింటాయన మోకాలు రెండో స్థానంలో ఉన్నది. మేనమామను కనుక మొదటి నంబరు నాకే ఇచ్చారు. అంతవరకు గ్యాసు మాత్ర వేసుకుంటూ, వాకింగు మానేశాను. నడవకపోతే లాగుడు అసలు రావడం లేదు.