గీత కనిపించలేదని గొంతు తీసేస్తారా?

ఉగాది అవధానం వీడియో చూశారు కదా, ఇక్కడ విదేశంలో మన తెలుగు సంఘం గ్రూపులో మళ్ళీ మళ్ళీ పెట్టారు. డ్రోన్‌తో తీసిన పార్కింగ్ లాటు, గుమ్మం దగ్గర ముగ్గు, ఉగాది పచ్చడి గ్లాసులు, జ్యోతి ప్రజ్వలన, స్పాన్సర్లకు శాలువాలు, అన్నీ చక్కగా వచ్చాయి. అవధానిగారు వేదిక మీద కూర్చున్నారు, ప్రశ్నలిచ్చే పృచ్ఛకులు ఎనిమిదిమందీ చుట్టూ కూర్చున్నారు, భోజనాల విరామం దాకా మాటలు వినపడ్డాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి వీణ మీద ఒక సినిమా పాట మొదలైంది. ఇక చివరిదాకా అదే. ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ చివర జ్ఞాపకం నుంచి ఒప్పజెప్పడం, అది మొత్తం పెదాలు కదులుతున్నాయి, పద్యం లేదు.

అవధానం ఎలా జరుగుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు గానీ ఒక్క సంగతి గుర్తుచేస్తాను. సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తి చెయ్యడం), దత్తపది (ఇచ్చిన మాటలు పెట్టి పద్యం చెప్పడం), వర్ణన ఇచ్చినవాళ్ళకు అవధానిగారు ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదమే చెబుతారు. మధ్యలో ఏకాగ్రత చెడగొట్టడానికి అప్రస్తుత ప్రసంగం అడ్డం పడుతుంది, గంటలు మోగుతుంటాయి, ఒక పాదానికీ ఇంకో పాదానికీ నడుమ మనం కాఫీ తాగి కూడా వస్తాం. నాలుగు పాదాలూ కలిపి పద్యం పద్యంగా వినపడేది చివర ధారణలోనే. అది పోతే పద్యం పోయినట్టే, ఎందుకంటే అది ఏ కాగితం మీదా లేదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసిన రోజుల్లో సభలో ఎవరో ఒకరు రాసుకుంటేనే పద్యం మిగిలేది. ఈ రోజు ప్రతి జేబులోనూ రికార్డరు పెట్టుకు తిరుగుతూ మనం పోగొట్టుకోవడం నాకు అస్సలు మింగుడుపడలేదు.

ఆ రోజు దత్తపది ఇచ్చింది కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, రిటైరైన తెలుగు టీచరు. కారు, బారు, ఫోను, వీసా అనే నాలుగు మాటలు పెట్టి హనుమంతుడు సముద్రం దాటడం వర్ణించమన్నారు. అవధానిగారు వీసాను పట్టుకుని "తెలివీ సాహసమూ" అంటూ రెండు మాటల మధ్య దాచేసరికి, వెనక పకోడీలు సర్దుతున్నవాళ్ళు కూడా చేతిలో పని ఆపి చప్పట్లు కొట్టారు. ఆవిడది మెత్తటి గొంతు, మైకు పట్టుకోవడం అలవాటు లేదు, అయినా రెండో ఆవృత్తిలో తన మాటలు మళ్ళీ ఒకసారి తప్పులేకుండా అప్పజెప్పారు. వీడియోలో ఆవిడ నోరు కదులుతుంటే పైన వీణ వినపడుతోంది. "అమ్మమ్మ ఏమంటోంది?" అని మనవరాలు అడిగిందట.

గ్రూపులో అడిగాను. ఆడియో రికార్డవలేదండీ, అందుకే మ్యూజిక్ వేశాం అన్నారు. సరే, పరికరాలన్నాక ఒక్కోసారి అలా జరుగుతుంది. కానీ దాని కింద ఇంకొకాయన "అయినా గంటన్నర పద్యాలు ఎవరు వింటారు సార్, ఇలాగే బాగుంది" అని రాశారు, దానికి బోలెడన్ని లైకులు. నన్ను గుచ్చింది ఆ మాట. వినేవాళ్ళు లేకపోతే ఆ హాలు సాయంత్రం దాకా ఎందుకు నిండి ఉంది?

ఎడిట్ చేసిన కుర్రాడు మంచివాడు. కాలేజీలో రెండో ఏడు, పరీక్షలు పెట్టుకుని కూడా సంఘం పని అంటే కాదనడు. అడగ్గానే హార్డ్ డిస్క్ పట్టుకుని మా ఇంటికి వచ్చి ప్రాజెక్టు తెరిచి చూపించాడు. "చూడండి అంకుల్, ఫస్ట్ హాఫ్‌లో వేవ్‌ఫామ్ ఉంది, ఇక్కణ్ణుంచి ఏమీ లేదు, మొత్తం ఫ్లాట్." నిజమే. శబ్దం హెచ్చుతగ్గులను తెర మీద గీతలుగా చూపేదే వేవ్‌ఫామ్. విరామం ముందు క్లిప్పుల్లో గీతలు ట్రాకు నిండా లేస్తూ పడుతూ ఉన్నాయి, తర్వాతి క్లిప్పుల్లో పట్టీ మధ్య వెంట్రుకంత గీత ఒకటి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. "విన్నావా బాబూ?" అన్నాను. "లేదంకుల్, వేవ్‌ఫామే లేదు కదా!"

హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాల్యూమ్ పూర్తిగా పెంచి ప్లే కొట్టాను. పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు, బాగా దూరంగా, అవధానిగారి గొంతు. గెయిన్, అంటే శబ్దం స్థాయి, 30 డెసిబెల్స్ పెంచాం. దాంతో పాటు ఏసీ హోరు కూడా పైకి లేచింది, వెనక బుసబుసలాడుతోంది, అయినా అక్షరం అక్షరం తెలుస్తోంది, యతి దగ్గర ఆయన చిన్నగా ఆగడం కూడా తెలుస్తోంది. తెర మీద గీత ఇప్పుడు కాస్త ఒళ్ళు చేసింది. అందులోంచి అక్కడక్కడా సన్నటి పుల్లలు నిలబడ్డాయి, ఒకచోట మూడు, కొంచెం జరిగాక ఐదు, సమానమైన ఎడంతో. అవేమిటని అడిగాడు. ఘంటానాదం అది, గంట కొట్టిన ప్రతి దెబ్బా ఒక్కో పుల్ల, లెక్క ఆయన మనసులో పెట్టుకుని చివర చెప్పాలి అన్నాను. కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసుకుని తలకు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత "ఇదంతా ఉందా అంకుల్, మొత్తం ఉందా?" అన్నాడు.

మొత్తం ఉంది. విరామంలో మిక్సర్ (మైకుల శబ్దాలన్నీ కలిపే పెట్టె) దగ్గర కెమెరాకు వెళ్ళే లైను ఎవరో తగ్గించారు. హాలు స్పీకర్లకు వెళ్ళే లైను వేరు కాబట్టి కూర్చున్నవాళ్ళకు బాగానే వినపడింది, కెమెరా దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి లేడు, ఎవరికీ అనుమానం రాలేదు. రికార్డవగల పూర్తి స్థాయిని సున్నా అనుకుంటే, రికార్డైన శబ్దం మైనస్ 40 డెసిబెల్స్ ప్రాంతంలో పడింది. అంటే పూర్తి స్థాయిలో నూరో వంతు. వేవ్‌ఫామ్ మామూలుగా లీనియర్ లెక్కన, అంటే ఎంత శబ్దానికి అంత ఎత్తుగా, గీస్తారు కాబట్టి ట్రాకు ఎత్తులో నూరో వంతు అంటే తెర మీద ఒక పిక్సెల్‌కి అటూ ఇటూ, కంటికి ఆనదు. చెవికి మాత్రం అది పుష్కలం. ఎడిటింగ్‌కి ప్రీమియర్ ప్రో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు టైమ్‌లైన్ ప్యానెల్ మెనూలో లాగరిథమిక్ వేవ్‌ఫామ్ స్కేలింగ్ పెట్టుకుంటే ఇలాంటి చిన్న శబ్దాలు కూడా తేలి కనపడతాయి.

వాలంటీర్లు చదువుతారని ఇంకాస్త చెబుతాను. గీత కనపడకపోవడానికి శబ్దంతో సంబంధం లేని కారణాలు చాలా ఉంటాయి. ట్రాకు ఎత్తు మరీ తగ్గించి ఉండొచ్చు. ప్రీమియర్ టైమ్‌లైన్ మీద రెంచి బొమ్మ నొక్కితే వచ్చే జాబితాలో షో ఆడియో వేవ్‌ఫామ్ దగ్గర టిక్కు లేకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ వేవ్‌ఫామ్ గీయడానికి పీక్ ఫైళ్ళని విడిగా తయారుచేసుకుంటుంది, మూడు గంటల ఫుటేజీ అంటే దానికి టైం పడుతుంది, ఆ లోపల పట్టీ ఖాళీగానే ఉంటుంది. ఆ ఫైళ్ళు దాచుకునే క్యాష్ ఉన్న డ్రైవు పీకేసినా అంతే. అప్పుడు క్లిప్ మెనూలో జనరేట్ ఆడియో వేవ్‌ఫామ్ కొట్టాలి. దావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైనక్స్ మీద వాడే కుర్రాళ్ళకు ఇంకో చిక్కుంది: ఫోన్లు తీసే వీడియోల్లో ఆడియో సాధారణంగా ఏఏసీ అనే కుదించిన రకం, లైనక్స్ రిజాల్వ్ వెర్షన్లు చాలా వరకు దాన్ని చదవవు, బొమ్మ వస్తుంది, శబ్దం అసలు రాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో వీడియోను ముట్టుకోకుండా ఆడియోను మాత్రం పీసీఎం అనే కుదించని రకంలోకి మార్చుకుంటే సరిపోతుంది. ఇవన్నీ గుర్తులేకపోయినా ఫరవాలేదు, ముందు ఆ ఫైలు వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి హెడ్‌ఫోన్లతో వినండి. అక్కడ గొంతు ఉంటే ఫైల్లో గొంతు ఉన్నట్టే.

గీత ఉంది కాబట్టి శబ్దం ఉందనుకోవడం కూడా ప్రమాదమే. ఒక దీపావళి వీడియోలో వేవ్‌ఫామ్ దిట్టంగా ఉంది, ల్యాప్‌టాప్‌లో మాటలు వినపడుతున్నాయి, కొందరి ఫోన్లలో మాత్రం పిల్లల శ్లోకాలు మాయం. మిక్సర్ నుంచి వచ్చే బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ని (ఒకే శబ్దాన్ని ఒక తీగలో మామూలుగా, రెండో తీగలో తలకిందులుగా పంపేది) తిన్నగా కెమెరా స్టీరియో మైక్ జాక్‌లో పెట్టేశారు. అలా పెడితే కుడి చానల్ ఎడమదానికి తలకిందులుగా రికార్డవుతుంది, ఒకే స్పీకర్‌లో రెండూ కలిసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక చానల్ తీసేసి రెండోదాన్ని రెండువైపులా వేస్తే గొంతులన్నీ తిరిగొచ్చాయి.

కమిటీ వైపు నుంచి కూడా ఆలోచించాను. ఎవరికీ జీతం లేదు. శనివారం కార్యక్రమం, సోమవారానికల్లా వీడియో కావాలని స్పాన్సర్ల ఫోన్లు, హాలు ఖాళీ చేసి కుర్చీలు మడిచింది కూడా వీళ్ళే. చిన్న వీడియో అయితేనే ఎక్కువమంది చూస్తారన్నదీ నిజమే. పది నిమిషాల హైలైట్స్ చెయ్యండి, తప్పకుండా చెయ్యండి, అందులో సంగీతం వేసుకోండి. కానీ మూడు గంటల వీడియో అని పేరు పెట్టి అందులో సగానికి పైగా పాట కప్పేస్తే దాన్ని అవధానం అని ఎలా అంటాం? పైగా సినిమా పాట ఐతే హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది, క్లెయిములు వస్తాయి, ఒక్కోసారి వీడియోనే బ్లాక్ అవుతుంది.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి తెలుసు. మన ఊళ్ళ పెళ్ళి క్యాసెట్లు. వాటిని తప్పుపట్టను, ఆ రోజుల్లో వీడియో అంటే అదే ముచ్చట. కానీ మా అక్క పెళ్ళి క్యాసెట్‌లో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా సినిమా పాటలే, కన్యాదానం దగ్గర నాన్న గోత్రం చెబుతూ గొంతు బొంగురుపోయి ఆగిపోయిన చోట కూడా డ్యూయెట్టు. నాన్న గొంతు ఇంకెక్కడా లేదు మా దగ్గర. మేళం వాళ్ళ సన్నాయి లేదు, పురోహితుడి మంత్రం లేదు, మామయ్యల కేకలు లేవు. ఇంటిల్లిపాది గొంతులూ చెరిపేసి ఎవరివో గొంతులు పెట్టి, దానికి మనమే డబ్బులిచ్చి మురిసిపోయాం. ఆ పద్ధతిని సముద్రం దాటించి ఇక్కడికి కూడా తెచ్చుకోవాలా?

కాబట్టి కొత్త కమిటీని చేతులు జోడించి అడుగుతున్నాను. కార్యక్రమం ఏదైనా సరే, కెమెరా దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినే మనిషిని ఒకరిని పెట్టండి, నేను కూర్చుంటాను, ఇంకా కూర్చునేవాళ్ళున్నారు. మిక్సర్ లైను కాకుండా వేదిక మీద విడిగా చిన్న రికార్డరు ఒకటి ఉంచండి. ఎడిట్ అయిపోయాక అసలు ఫైళ్ళు చెరపకండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఫైలు గంటకు సుమారు 700 ఎంబీ, మూడు గంటల అవధానం 2 జీబీ చిల్లర, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డబ్బు ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. ఒక ప్రతి అవధానిగారికి పంపండి, అవి ఆయన పద్యాలు. పాట కప్పాలనిపిస్తే, కప్పే ముందు ఆ గొంతు ఎవరిదో వాళ్ళనొకసారి అడగండి.

కుర్రాడూ నేనూ కలిసి ధారణ మొత్తం శుభ్రం చేశాం, హోరు కొంత మిగిలింది, పద్యాలన్నీ వినపడుతున్నాయి. పాత వీడియో తీసేసి ఇది పెట్టమని కమిటీకి ఇచ్చాం, ఇంకా జవాబు రావాలి. నిషిద్ధాక్షరి (పృచ్ఛకుడు అక్షరాలు వద్దని అడ్డుకుంటుంటే పద్యం చెప్పడం) నడుస్తుండగా కెమెరా బ్యాటరీ మార్చిన కొద్ది నిమిషాలు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆ రోజు హాల్లో ఫోనుతో తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఎంత గజిబిజిగా ఉన్నా సరే పంపండి. వాట్సాప్‌లో అయితే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి, లేకపోతే కుదించేస్తుంది. దత్తపది ఇచ్చిన ఆవిడ వచ్చే నెల ఇండియా వెళ్ళిపోతున్నారు, ఆలోపే ఆవిడకి మొత్తం వినిపించాలి.