రాజుకీ కూలీకీ అవే 14 మాత్రలు

మా చెల్లెలి కూతురు ఇంగ్లండ్‌లో జీసీఎస్‌ఈకి, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షకి చదువుతోంది. మొన్నో ఆదివారం వాట్సాప్ వీడియో కాల్ చేసి "పెద్దమ్మా, నువ్వు పద్యాలూ అవీ చదువుతావు కదా, నాకు టెక్నిక్స్ చెప్పు" అంది. వాళ్ళ పరీక్షల బోర్డు ఏక్యూఏ సిలబస్‌లో "పవర్ అండ్ కాన్‌ఫ్లిక్ట్" అని 15 కవితల గుత్తి ఒకటి ఉంది, అంటే అధికారం మీద, యుద్ధం మీద రాసినవి. పరీక్షలో ఒక కవిత పేపర్లోనే అచ్చేసి ఇస్తారు, దాన్ని ఇంకో కవితతో పోల్చి రాయాలి, ఆ ఇంకోటి మాత్రం పుస్తకం లేకుండా బుర్రలోంచే తీయాలి. నోట్స్ చూపించమంటే చూపించింది, ప్రతి లైను పక్కనా రంగు పెన్నుతో బాణం, బాణం చివర అలిటరేషన్, సిమిలీ, రిపిటీషన్ అని పేర్లు. బాణాలు చాలానే ఉన్నాయి, ఏ ఒక్కటీ ఎవరికి తగిలిందో మాత్రం రాసిలేదు.

నవ్వుకున్నా గానీ మన సంగతి ఏమన్నా గొప్పగా ఉందా అంటే అదీ లేదు, మన దగ్గర దీనికి సరిగ్గా ఉల్టా జబ్బు. శ్రీశ్రీ అంటే ఆవేశం, దాశరథి అంటే ధిక్కారం, "కవి హృదయాన్ని సొంత మాటల్లో రాయండి", అయిపోయింది. లైను ఎలా కట్టారు, ఎన్ని మాత్రలు (తేలిక అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర; బరువు అక్షరం గురువు, దానికి రెండు), క్రియ ఎవరి మీద పడింది అని ఎవరూ అడగరు, అడిగితే చాదస్తం అంటారు. నాకైతే అధికారం గురించిన కవిత్వంలో అసలు గొడవంతా ఆ చాదస్తంలోనే ఉందనిపిస్తుంది. కవి ఎవరి పక్షమో మాటలు దాచిపెట్టొచ్చేమో గానీ, లయా వ్యాకరణం దాచలేవు.

ఆ పిల్లకి మొదట పట్టుబడనిది ఇంగ్లీషు కవి షెల్లీ రాసిన ఓజిమాండియస్. 1818లో అచ్చయిన 14 లైన్ల సానెట్, ఈజిప్టు రాజు రెండో రామ్సెస్‌కి గ్రీకులు పెట్టిన పేరే ఓజిమాండియస్. ఎడారిలో రెండు రాతి కాళ్ళు నిలబడి ఉంటాయి, మొండెం ఉండదు, పక్కన ఇసకలో సగం కూరుకుపోయిన మొహం, దిమ్మె మీద "నేను రాజులకి రాజుని, నా నిర్మాణాలు చూసి మీ ఆశ వదులుకోండి" అని రాసి ఉంటుంది, చుట్టూ చూస్తే ఇసక తప్ప ఏమీ లేదు. టీచరు దీన్ని "ఐరనీ", అంటే చెప్పిందొకటి కనిపించేదొకటి, అని రాయించిందట. సరే, ఐరనీయే, కానీ అది పనిచేసే తీరు తెలుగులో చెప్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కవి ఆ విగ్రహాన్ని తను చూశానని చెప్పడు, ఎక్కడో ఒక బాటసారి కలిశాడు, ఆయన చెప్పాడు అంటాడు. అంటే ఆ దిమ్మె మీద అలా రాసి ఉంద"ట", ఆయన చూశాడ"ట". మనకి ఈ "అట" అనే ముక్క ఉంది చూశారూ, ఇంగ్లీషులో దీనికి ఒక్క అక్షరంలో సరిపోయేది లేదు, షెల్లీ పాపం దానికోసం మనిషి వెనక మనిషిని నిలబెట్టాల్సి వచ్చింది. తన మాట విని లోకం గజగజలాడాలని చెక్కించుకున్న రాజు మాట మన దాకా వచ్చేసరికి ఎవరో చెప్తే ఎవరో విన్న కబురైపోయింది, పల్లెలో రచ్చబండ మీద "ఒకప్పుడు ఒక రాజున్నాడట" అన్నట్టు. ఇది చెప్పగానే పిల్ల "ఓ, సో హి ఈజ్ గాసిప్ నౌ" అంది. నేను ఇంత సేపు చెప్పింది ఆ ఒక్క ముక్కలో తేల్చేసింది.

అదే కవితలో ఇంకోటి ఉంది, శిల్పి. రాజు మొహంలోని ఆ ఈసడింపుని రాతిలోకి సరిగ్గా దించింది వాడే, రాజ్యం పోయింది గానీ వాడి పనితనం మిగిలింది. అయితే షెల్లీ అక్కడ ఆగిపోయాడు, రాయి ఎవరు మోశారు అని అడగలేదు. ఆ ప్రశ్న అడిగింది మన శ్రీశ్రీ, అందులోనూ నైలునది నాగరికత పేరు పెట్టి మరీ.

"దేశచరిత్రలు" అందరికీ సగం సగం నోటికొచ్చిన కవితే. కానీ ఒక్కసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. "ఏ దేశచరిత్ర చూచినా", 14 మాత్రలు. "ఏమున్నది గర్వకారణం", 14. "పరపీడన పరాయణత్వం", 14. ఇంతవరకూ సరే, గేయం కదా అనుకుంటాం. ఆ తర్వాత దండయాత్రల వీరులు వస్తారు: "చెంఘిజ్ ఖాన్, తామర్లేనూ, నాదిర్షా, ఘజ్నీ, ఘోరీ". ఈ రెండు లైన్లూ లెక్కేస్తే ఒక్కోదాంట్లో ఏడేసి గురువులు, ఒక్క లఘువు కూడా లేదు. నా, దిర్, షా, ఘజ్, నీ, ఘో, రీ, ప్రతి అక్షరం ఏనుగు పాదం పడ్డట్టు పడుతుంది, ఎక్కడా తేలిక లేదు, ఊపిరి లేదు. వెంటనే "సికిందరో ఎవడైతేనేం" అని లఘువులు దొర్లుకొస్తాయి, ఆ బరువంతా ఒక్క విదిలింపుతో దులిపేసినట్టు. ఇది కావాలని చేశాడా అంటే నాకు తెలిసి శ్రీశ్రీ లాంటి చెవి ఉన్నవాడికి కావాలని చేయాల్సిన పని లేదు, చెయ్యి అలా పోతుంది.

అసలు చమత్కారం ఇంకా ముందుంది. "తాజమహల్ నిర్మాణానికి", 14 మాత్రలు. "రాళ్ళెత్తిన కూలీలెవ్వరు", 14. "ప్రభువెక్కిన పల్లకి కాదోయ్", 14. "అది మోసిన బోయీలెవ్వరు", అదీ 14. అంటే చరిత్ర పుస్తకంలో రాజుకి పది పేజీలిచ్చి కూలీకి ఒక్క లైను కూడా ఇవ్వలేదు గానీ, ఈ కవితలో మాత్రం ఇద్దరికీ సరిగ్గా ఒకే కొలత, గింజ ఎక్కువా లేదు తక్కువా లేదు. కవిత సమానత్వం గురించి ఉపన్యాసం ఇవ్వదు, కొలిచి పంచుతుంది అంతే. దానికితోడు భాష చూడండి, హింస గురించి చెప్పేటప్పుడు "పరస్పరాహరణోద్యోగం", "రణరక్త ప్రవాహసిక్తం" అని పల్లకీ అంత పొడుగు సమాసాలు, కూలీ రాగానే రాళ్ళు, ఎత్తడం, మోయడం అని ఇంట్లో మాటలు. మధ్యలో ఆ "కాదోయ్" ఒకటి. ప్రభువు పక్కనే "ఓయ్" పెట్టడం అంటే దర్బారులోకి చెప్పులేసుకుని వెళ్ళడమే కదా. (ఛందోబందోబస్తులు తెంచేశానని చెప్పుకున్న మనిషే ఇంత కచ్చితమైన బందోబస్తులో రాశాడు, అది వేరే కథ.)

ఇప్పుడు ఇదే డప్పు అధికారం పక్కన నిలబడి కొడితే ఎలా ఉంటుందో చూడాలంటే టెన్నిసన్. 1854 అక్టోబర్ 25న క్రిమియా యుద్ధంలో, బాలక్లావా దగ్గర ఒక తికమక ఆర్డరు వల్ల బ్రిటిష్ గుర్రపు దళం రష్యా ఫిరంగుల నోట్లోకి నేరుగా దూసుకెళ్ళింది. బ్రిటన్ ఆస్థాన కవిగా ఉన్న టెన్నిసన్ పేపర్లో వార్త చదివి "ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్" అనే కవిత రాసేశాడు, డిసెంబర్ 9కి అచ్చులో కూడా వచ్చేసింది. "హాఫ్ ఎ లీగ్, హాఫ్ ఎ లీగ్", ఒక బరువు రెండు తేలికలు, మన భాషలో చెప్పాలంటే భ గణం. వరసగా భ గణాలు పడితే గుర్రం పరిగెత్తే చప్పుడొస్తుందని మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, మానిని వృత్తంలో ఏడు భ గణాలు వరసగా పరిగెడతాయి, అశ్వధాటి అని గుర్రం నడక పేరుతోనే ఒక ఛందస్సు ఉంది మనకి. ఆ లయలో చదువుతుంటే ఆగి ఆలోచించడానికి వీలుండదు, గుర్రం మీద ఉన్నవాడికి ఎలా వీలుండదో అలాగే. నా కంప్లయింట్ కూడా అదే. "సమ్‌వన్ హాడ్ బ్లండర్డ్", ఎవరో పొరపాటు చేశారు, అన్న లైను ఉంది, దాన్ని తెచ్చి ఆ దళంలోని ఆరువందల మందిని చెప్పే "సిక్స్ హండ్రెడ్"తో ప్రాస కలిపేశాడు. తప్పు కాస్తా వీరత్వానికి ప్రాస అయిపోయింది. 1855లో పుస్తకంలో వేసినప్పుడు ఆ లైనే తీసేశాడు, తర్వాత మళ్ళీ పెట్టాడు. ఎందుకంత తర్జనభర్జన పడ్డాడో ఆ లైను చూస్తేనే తెలుస్తుంది, మొత్తం కవితలో అధికారానికి గుచ్చుకునే ముల్లు అదొక్కటే.

ఆ ముల్లుకి కూడా పేరు లేదు చూడండి. "ఎవరో" చేశారు. ఇంకో ఇంగ్లీషు కవి బ్రౌనింగ్ 1842లో అచ్చేసిన "మై లాస్ట్ డచెస్"లో భార్యని చంపించిన డ్యూక్ కూడా ఇలాగే మాట్లాడతాడు, నేను ఆదేశాలిచ్చాను, ఆ తర్వాత నవ్వులన్నీ ఆగిపోయాయి అంటాడు. ఎవరు ఆపారు, ఎలా ఆపారు, ఏమీ లేదు, నవ్వులు వాటంతటవే ఆగిపోయినట్టు. మనకిది కొత్తేం కాదు, పొద్దున్నే పేపర్ తీస్తే కాల్పులు "జరిగాయి", లాఠీఛార్జి "జరిగింది", పొరపాటు "జరిగింది". జరగడం అనే క్రియ మన ఆఫీసులకి దొరికిన వరం, దానికి కర్త అక్కర్లేదు. ఈ కోణంలో దాశరథి పద్యం దగ్గరికి వెళ్తే ఒళ్ళు జలదరిస్తుంది.

"ఓ నిజాము పిశాచమా! కానరాడు
నిన్ను బోలిన రాజు మాకెన్నడేని
తీగలను తెంపి అగ్నిలో దింపినావు
నా తెలంగాణ కోటి రత్నాల వీణ"

నిజామాబాద్ జైల్లో ఉండగా బొగ్గుతో గోడ మీద రాసిన పద్యం ఇది. "దింపినావు". ఆ చివరి "వు"లో నువ్వు అనే వేలు ఉంది, నేరుగా కంట్లోకి చూపిస్తున్న వేలు. తెలుగు క్రియకి ఉన్న గొప్పతనం ఇదే, కర్తని వేరే చెప్పక్కర్లేదు, క్రియ తోకలోనే దోషి పట్టుబడతాడు. తీగలు తెగాయి అనొచ్చు, వీణ కాలిపోయింది అనొచ్చు, అలా అంటే పద్యం ఏడుపు అయ్యేది, ఇప్పుడు చార్జిషీటు అయింది.

పైగా ఇది పక్కా తేటగీతి. ఒక్కో పాదానికి ఒక సూర్యగణం, అంటే పొట్టి ముక్క, రెండు ఇంద్రగణాలు, అంటే పొడుగు ముక్కలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, ఎక్కడా తప్పలేదు. ఓని కాన, నిన్ను కెన్న, తీ దిం, నా త్నా, యతులూ ప్రాసయతులూ (పాదం మొదలుకీ మధ్యలో ఒక చోటుకీ అక్షరాల జత కుదరాలనే నియమాలు) తాళాలు వేసినట్టు పడ్డాయి. రాజు మీద తిరగబడుతున్నవాడు పాత ఛందస్సుకి ఎందుకు లొంగి ఉన్నాడు అని ఒకప్పుడు నాకూ అనుమానం ఉండేది. జైల్లో కాగితం లేదు, గోడ మీది బొగ్గు వాళ్ళు ఎప్పుడైనా తుడిచేస్తారు, మిగిలేది పక్క ఖైదీ నోట్లో ఉన్నదే. యతి తప్పని పద్యం నోట్లోంచి జారదు, ఒక పదం మర్చిపోయినా యతిస్థానమే దాన్ని మళ్ళీ పట్టిస్తుంది. అక్కడ ఛందస్సు అంటే అలంకారం కాదు, పద్యాన్ని జైలు దాటించే దారి.

ఓవెన్ దగ్గర మాత్రం నేనే పిల్ల చేతిలో ఓడిపోయాను. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో చలికి గడ్డకట్టి చచ్చిపోతున్న సైనికుల గురించి "ఎక్స్‌పోజర్" రాశాడు విల్‌ఫ్రెడ్ ఓవెన్, యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు, 1918 నవంబర్ 4న, 25 ఏళ్ళకే చనిపోయాడు. అందులో సైలెంట్ అన్నదానికి సేలియెంట్, "నైవ్ అస్"కి నెర్వస్, ఇలా హల్లులు కలుస్తాయి గానీ అచ్చులు కలవవు. దీన్ని పారారైమ్ అంటారు, ఇది వింటే ఏదో తేడాగా, కాలు మెట్టు మీద పడబోయి జారినట్టు ఉంటుంది అని పిల్ల చెప్పింది. నాకేమో ఏ తేడా తెలియలేదు! చాలా హాయిగానే ఉంది అన్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, మన ప్రాస నియమమే అది కదా. "అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు, మోహరమున దానెక్కిన బారని గుర్రము, గ్రక్కున విడువంగవలయు", ఇందులో పాదాల రెండో అక్షరాలు క్క, క్కి, క్కి, క్కు, హల్లు కలిస్తే చాలు, అచ్చు దాని ఇష్టం. బడిలో చేరినప్పటినుంచీ ఇది వింటూ పెరిగిన చెవికి ఓవెన్ ప్రాస తప్పినట్టు ఎలా అనిపిస్తుంది? ఇంగ్లీషు చెవి నిండు ప్రాస కోసం ఎదురు చూస్తుంది కాబట్టి అక్కడ అది గాయం, మనకి అదే చదువు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద పాఠం దొరికింది ఇక్కడే. పారారైమ్ అంటే అశాంతి, భ గణం అంటే గుర్రం అని బాణాలేసి పేర్లు పెట్టేసే పద్ధతి ఇక్కడే కూలిపోతుంది, ఎందుకంటే టెక్నిక్ బలం అక్షరాల్లో లేదు, ఆ చెవి దేనికోసం కాచుకుని ఉందో దాంట్లో ఉంది. అయితే ఓవెన్ "బట్ నథింగ్ హ్యాపెన్స్" అని నాలుగుసార్లు అంటాడే, ఏమీ జరగదు అని, అది మాత్రం ఏ చెవికైనా తగులుతుంది. పొడుగు పొడుగు లైన్లు నాలుగు సాగి సాగి వచ్చి చివర ఆ పొట్టి లైను దగ్గర చల్లబడిపోతాయి. టెన్నిసన్ సైనికులకి చావడానికి ఒక పరుగైనా ఉంది, వీళ్ళకి అదీ లేదు. పోల్చమంటే ఆ రెండు కవితల్నే పోల్చమని చెప్పాను, ఒకడు పరిగెత్తిస్తాడు, ఒకడు కూర్చోబెట్టి చంపుతాడు, లయలోనే తేడా చూపించొచ్చు అని.

ఫోన్ పెట్టేశాక దాశరథి పద్యం మళ్ళీ తీశాను, ఒక విషయం పట్టి పీకుతోంది. మనమంతా అనేది "కోటి రతనాల వీణ" అని. ఫ్లెక్సీల మీదా, సభల్లోనూ, నాయకుల ప్రసంగాల్లోనూ అదే. కానీ తేటగీతి లెక్కలో "రతనాల" పట్టదు, గణం విరిగిపోతుంది, నా కి త్నా కి ఉన్న యతి కూడా పోతుంది, "రత్నాల" అంటేనే నిలబడుతుంది. జనం నోట్లో సాగడానికి మెత్తబడింది, దానికి నాకేం అభ్యంతరం లేదు, పాట అయ్యేటప్పుడు పద్యం కొంచెం నలుగుతుంది. నాకు బాధ వేరే. పైనున్న మూడు పాదాలూ ఎక్కడికి పోయాయి? పిశాచమా అన్న పిలుపు లేదు, దింపినావు అన్న వేలు లేదు, తెగిన తీగలు లేవు, నిప్పు లేదు. రాజుని బోనులో నిలబెట్టిన పద్యంలోంచి ఒక్క పాదం కోసుకుని, అధికారంలో ఎవరుంటే వాళ్ళు, పక్కన తమ ఫొటో వేసుకుంటున్నారు.