షోరూమ్‌లో పడే షవర్ మన ఇంట్లో పడదు

బాత్‌రూమ్ కొత్తగా చేయించుకోవాలనుకున్న దగ్గర్నుంచి ఒకటే టెన్షన్, మేస్త్రీల వల్ల కాదు, సామాన్లు ఎంచుకోవడం వల్ల. విజయవాడ బందర్ రోడ్డు షోరూమ్‌లలో ఎక్కడికెళ్ళినా నల్ల మ్యాట్ కుళాయిలు, పళ్ళెమంత రెయిన్ షవర్లు చూపించి "ఇప్పుడు అందరూ ఇవే పెట్టిస్తున్నారు మేడమ్" అంటారే తప్ప మీది బోరు నీళ్ళా, ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది అని ఒక్కరూ అడగరు. అక్కడ షవర్ కింద పంపు పెట్టి చూపిస్తారు. మన ఇళ్ళలో ట్యాంకు షవర్‌కి 3 మీటర్ల పైన ఉంటే వచ్చే ప్రెషర్ సుమారు 0.3 బార్, దానికి ఆ పెద్ద షవర్ సన్నగా కారుతుంది అంతే. ఇక బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే నల్ల కుళాయి మీద తెల్ల మరకలు కొట్టొచ్చినట్టు కనపడతాయి, రోజూ తుడిచేది ఎవరు?

టైల్స్‌దీ ఇదే గొడవ. డబ్బా మీద షేడ్, బ్యాచ్ నంబర్లు ఉంటాయి, నాలుగు డబ్బాలు తక్కువై తర్వాత తెచ్చుకుంటే ఆ బ్యాచ్ దొరక్క గోడ రెండు రంగుల్లో కనపడుతుంది. బిల్లు వేసేటప్పుడే చెప్పొచ్చు కదా!

అన్నిటికన్నా కోపం తెప్పించేది బాత్‌రూమ్ నేలకి కూడా నున్నటి గ్లాసీ టైల్స్ అంటగట్టడం. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, యాంటీ స్కిడ్ కావాలంటే "మురికి పట్టేస్తాయండీ" అని మాట మార్చేస్తారు. మురికిదేముంది, బ్రష్ పెట్టి కడుక్కుంటాం. ఆవిడ జారి పడితే?

ఇప్పుడు షవర్‌కి ఎంత ప్రెషర్ కావాలో డబ్బా మీద చూపించమంటున్నాను, చూపించని చోట కొనట్లేదు.